గవ్రిల్ పెళ్ళికూతురు

మా వెటూరియా కొడుకు గవ్రిల్ అడవిలో చెట్టు కూలి మీద పడి చనిపోయాడని తెలిసిన రోజున, ఊళ్ళో ఆడవాళ్ళందరి నోటా మొదట వచ్చిన మాట "అయ్యో, పెళ్ళయినా కాలేదే" అని. ఆ వెనకే రెండో మాట, "మరి పెళ్ళికూతురిగా ఎవర్ని నిలబెడతారు?" అని.

మా లోయలో పెళ్ళికాని కుర్రాడు పోతే ఊరికే మట్టిలో పెట్టం. పెళ్ళి చేసి పంపిస్తాం. అలా చెయ్యకపోతే వాడు అక్కడికి వెళ్ళి కూడా గుమ్మం బయటే తచ్చాడుతుంటాడట. అందుకని శవానికి పెళ్ళికొడుకు చొక్కా తొడుగుతాం, టోపీకి పువ్వు గుచ్చుతాం, ఫిడేలు వాళ్ళని పిలుస్తాం. ఒక కన్నెపిల్ల తెల్లబట్టలు కట్టుకుని, తల మీద ఆకుల కిరీటం పెట్టుకుని పెట్టె వెనకాల నడుస్తుంది. గోతి దగ్గర ఆ కిరీటం తన చేత్తో తనే తీసి పెట్టె మీద వెయ్యాలి. మొదటి పార మట్టి పడకముందే వెయ్యాలి. వేసిందా, ఆ పిల్లకీ వాడికీ ఇంక ఏ ముడీ లేదు. వెనక్కి తిరిగి చూడకుండా వేరే దారిన ఇంటికి పోతుంది. ఆ తరవాత ఎవర్ని చేసుకున్నా ఎవరూ ఏమీ అనరు.

నేనూ నిలబడ్డాను, నా చిన్నప్పుడు, పిండిమర వాళ్ళ అబ్బాయికి. బతికుండగా వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు, నా మొహం నిండా మచ్చలని. పోయాక వాడికి నేనే దిక్కయ్యాను. కిరీటం పెట్టె మీద వేసి ఇంటికొచ్చి, ఆ వచ్చే ఈస్టరుకి మా ఆయనతో గెంతులేశాను. అదే మా ఊళ్ళో సఫ్తా అని ఒకావిడ ఉండేది. ఆవిడ కిరీటాన్ని గోతి దగ్గర గాలి ఎత్తుకుపోయి వాగులో పడేసింది. మగాళ్ళు వాగులో దిగి వెతికారు, దొరకలేదు. సఫ్తా ఆ రాత్రి తన పుట్టింటికి వెళ్ళలేదు. పోయినవాడి తల్లి దగ్గరే కోడలిగా ఉండిపోయింది. ఆ అత్తకి కళ్ళు పోతే చెయ్యిపట్టి చర్చికి తీసుకొచ్చేది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఎవరూ వద్దనీ అనలేదు.

సరే, గవ్రిల్ సంగతికి వస్తాను. పెళ్ళికూతురు కావాలి. ఊళ్ళో కన్నెపిల్లలేరీ? ఒకత్తె స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు ఏరుతోంది, ఒకత్తె జర్మనీలో హోటల్లో గదులు ఊడుస్తోంది. మిగిలింది బడికెళ్ళే చిన్నపిల్లలు, నాలాంటి ముసలివాళ్ళు. వెటూరియా ఆడపడుచు పరస్కీవా నోరు మంచిది కాదు గానీ ఆ రోజు ఆవిడ అన్నది నిజమే: "చచ్చినవాళ్ళకి కూడా పిల్ల దొరకని ఊరైపోయింది మనది."

సరిగ్గా అప్పుడే నా మనవరాలు సవీనా బస్సు దిగింది, భుజాన మూడుకాళ్ళ స్టాండు వేసుకుని.

సవీనా మా అమ్మాయి కూతురు. మా అమ్మాయి ఇటలీలో ఎవరో పెద్దావిణ్ణి చూసుకోవడానికి వెళ్ళినప్పటినుంచీ దాన్ని పెంచింది నేనే. చిన్నప్పటినుంచీ బొమ్మల పిచ్చి. క్లుజ్ పట్నంలో బొమ్మల కాలేజీలో చేరి ఫోటోలు తియ్యడమే పెద్ద చదువుగా చదివి, పట్టా పుచ్చుకుంది. పట్టా పుచ్చుకున్నాక ఏం చేసిందంటే పాస్‌పోర్టు ఫోటోలు తీసింది. పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ తీసింది. ఒక సాసేజీల కంపెనీ వాళ్ళకి సాసేజీలు తీసింది, వాటికి నూనె రాసి, పక్కన టమాటా ముక్క పెట్టి.

"అమ్మమ్మా, సాసేజీ నవ్వుతున్నట్టు ఉండాలంటాడే వాడు," అని ఫోన్లో చెప్పి నవ్వేది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయేది.

తన సొంత ఫోటోలు మాత్రం వేరు. పెద్ద పెట్టెలాంటి పాత కెమెరాతో, నలుపూ తెలుపూ. వాటిని ఎగ్జిబిషన్లకి పంపేది. "మీ పని చాలా బాగుంది, ఈసారికి కుదరలేదు" అని జవాబొచ్చేది. ప్రతిసారీ అదే జవాబు.

"మరి వచ్చేసారి ఎప్పుడొస్తుందే?" అని అడిగాను ఒకసారి.

"వచ్చే చలికాలం లోపు ఒక్క గోడ మీదైనా నా బొమ్మ ఎక్కకపోతే కెమెరా అమ్మేస్తానే అమ్మమ్మా. అమ్మ దగ్గరికెళ్ళి నేను కూడా ఇంకో ముసలమ్మకి డైపర్లు మారుస్తా."

హాస్యానికి అన్నదనుకున్నాను. ఆ రోజు బస్సు దిగినప్పుడు దాని మొహం చూస్తే హాస్యం కాదని తెలిసింది. చావు పెళ్ళి జరుగుతోందని విని ఫోటోలు తీద్దామని వచ్చింది.

వెటూరియా ఇంటికి నేనే తీసుకెళ్ళాను. గవ్రిల్‌ని కిటికీ పక్కన పడుకోబెట్టారు. వెటూరియా ఏడవడం లేదు. కొడుకు టోపీని ఒళ్ళో పెట్టుకుని దానికున్న ఈకలు సర్దుతోంది.

"ఫోటోలు తీసుకుంటావటగా?" అంది తలెత్తకుండా.

"మీకిష్టమైతేనే పిన్నీ."

"తీసుకో. మా వాడు మంచిగా పడతాడు. కానీ వాడికి పెళ్ళికూతురు లేదు."

నేను అడ్డం పడ్డాను. "అది పట్నం పిల్ల వెటూరియా. దానికి ఇవన్నీ..."

"నేను నిలబడతాను," అంది సవీనా.

అంత తొందరగా అంటుందనుకోలేదు. దాని వంక చూశాను. అది వెటూరియాని చూడటం లేదు. కిటికీలోంచి గవ్రిల్ మొహం మీద పడుతున్న వెలుతురుని చూస్తోంది. దాని కళ్ళు అప్పటికే పని మొదలెట్టేశాయి.

వెటూరియా కూడా అది కనిపెట్టింది. టోపీ పక్కన పెట్టి అడిగింది. "బొమ్మ కోసం నిలబడతావా, వాడి కోసమా?"

"రెండిటికీ," అంది సవీనా.

"అబద్ధమాడలేదు," అంది వెటూరియా. "చాలు. నస్తాసియక్కా, కిరీటం నువ్వే అల్లు. నీ చెయ్యి మంచిది."

అల్లాను. సమాధుల కంచె మీద మంచులో కూడా పచ్చగా పాకే తీగ ఒకటి ఉంటుంది, దానితో. మధ్యలో ఎండిన సబ్జా రెమ్మలు, మైనంలో ముంచిన తెల్ల కాగితం పువ్వులు. వెటూరియా తన పెళ్ళినాటి ఎర్ర పట్టుదారం తెచ్చిచ్చింది, వెనకాల ముడికి.

మర్నాడు ఊరంతా నడిచింది. ముందు ఫిడేళ్ళు, పెళ్ళి పాటే, కాకపోతే నెమ్మదిగా. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ పాటని అంత నెమ్మదిగా వినలేదు. పెట్టె వెనకాల నా మనవరాలు తెల్లబట్టల్లో. తన కెమెరాని ముందే గోతికి అటువైపు స్టాండు మీద నిలబెట్టి వచ్చింది. కెమెరా నుంచి పొడుగాటి సన్నని రబ్బరు గొట్టం గడ్డిలోంచి పాకుతూ ఇటు వచ్చింది, దాని చివర బుడగలాంటిది. అది నొక్కితే అక్కడ ఫోటో పడుతుంది. ఆ బుడగని పెళ్ళికూతురి చేతిరుమాలు కింద పట్టుకుంది. చూసేవాళ్ళకి పిల్ల దుఃఖంతో రుమాలు నలుపుతున్నట్టే ఉంది.

పరస్కీవా నా చెవిలో గొణిగింది. "నీ మనవరాలు బాగా ఏడుస్తోందే, చేతులతో."

"నోరు ముయ్యి," అన్నాను.

పెట్టె దింపుతున్నారు. మంచూ వానా కలిసి మొదలైంది. సవీనా కిరీటానికి చెయ్యి ఎత్తబోయింది. సరిగ్గా అప్పుడే అవతల బురదలో స్టాండు కాలు జారింది. కెమెరా గోతిలోకి వాలుతోంది. ఆ పిల్ల గోతిని చుట్టి పరిగెత్తింది, తల మీద కిరీటంతోనే. కెమెరాని ఛాతీకి అదుముకుని బురదలో కూలబడింది. ఇటు వెటూరియా కూలబడింది, కెమెరా కోసం కాదు, కొడుకు కోసం. అందరం వెటూరియా మీదికి వంగాం. వాన పెరుగుతోందని మగాళ్ళు గబగబా మట్టి తోసేశారు.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూర్చున్నాక గానీ ఎవరూ చూసుకోలేదు. చూసింది పరస్కీవాయే. చెంచా టేబుల్ మీద పడేసి లేచింది.

"ఓరి దేవుడో! కిరీటం తల మీద పెట్టుకునే సూపు తాగుతోంది, చూడండి!"

సవీనా చెయ్యి తల మీదికి పోయింది. అక్కడే ఉంది. తడిసి, పచ్చగా.

ఇంక చూడండి గోల. ఒకరు తవ్వి తియ్యమంటారు, ఒకరు పాపం అంటారు. పాదిరీ గారు మీసాలు తుడుచుకుని, "ఇది చర్చి చెప్పింది కాదు, మీరు మీరు పెట్టుకున్నది. అయినా నలభయ్యో రోజున సమాధి దగ్గర ప్రార్థన ఉందిగా. ఆ రోజు మట్టి కాస్త తీసి పెట్టించండి. ప్రాణం అప్పటిదాకా ఇక్కడే తిరుగుతుంటుందని మీరేగా అంటారు," అన్నారు.

ఆ మాటకి వెటూరియా ఊపిరి పీల్చుకుంది. సవీనా కిరీటం తీసి రెండు చేతులతో ఆవిడ ముందు పెట్టింది.

"పిన్నీ, దీన్ని నాతో తీసుకెళ్ళనా? మంచి వెలుతుర్లో ఒక్క ఫోటో తీసి తెచ్చేస్తా."

"నీ తల మీదిది, నీదే. కానీ నలభయ్యో రోజుకి నీ చేత్తో తేవాలి. నువ్వు తేకపోతే వాడు వెళ్ళలేడు, నువ్వూ వెళ్ళలేవు."

"తెస్తాను."

సవీనా కిరీటంతో పట్నం వెళ్ళాక వెటూరియా రోజూ పొద్దున్నే మా గుమ్మంలోకొచ్చేది, పాల చెంబు పట్టుకుని. "కోడలు ఫోన్ చేసిందా?" ఇదే మాట. సవీనాని ఇంక పేరు పెట్టి పిలవడం మానేసింది. ఒక రోజు పొయ్యి దగ్గర కూర్చుని తన కల చెప్పింది. గవ్రిల్ ఎవరిదో పెద్ద గేటు బయట నిలబడ్డాడట, టోపీ చేత్తో పట్టుకుని. లోపల పాటలు వినిపిస్తున్నాయట. "ఏరా, లోపలికి పోవేం?" అని అడిగితే, "ఆవిడ రావాలమ్మా," అన్నాడట.

"కల కదే," అన్నాను.

"నలభై రోజులు నిండనీ అక్కా. కిరీటం పెట్టేస్తే వెళ్ళిపోతాడు. అప్పుడు నేను కూడా ఏడుస్తాను."

ఇంతలో సవీనా ఫోన్. అరుస్తోంది. "అమ్మమ్మా, అయింది! గోడ మీదికి ఎక్కింది!" అదేమిటంటే, గోతి దగ్గర తీసిన ఆ ఫోటో, తను పెళ్ళికూతురిగా నిలబడి నేరుగా కెమెరాలోకి చూస్తున్నది, క్లుజ్‌లో ఒక గ్యాలరీ ఆవిడ చూసిందట. చూసి వియన్నాలో పెద్ద ఎగ్జిబిషన్‌కి పంపిందట. అక్కడి వాళ్ళు ఒప్పుకోవడమే కాకుండా ఒక మ్యూజియం వాళ్ళు దాన్ని కొంటామన్నారట. ఏడాది పాటు అక్కడే ఉండి పని చేసుకోమని గది కూడా ఇస్తున్నారట. నేనేం చెయ్యను, ఏడ్చాను సంతోషంతో. సిలువ గుర్తు వేసుకున్నాను. మా అమ్మాయికి ఇటలీకి ఫోన్ చేసి చెప్పాను. డైపర్ల మాట ఇంక లేదు అనుకున్నాను.

నలభయ్యో రోజుకి ముందురోజు సవీనా వచ్చింది. ఒక సంచీ, కెమెరా. లోపలికొస్తూనే నన్ను ముద్దు పెట్టుకుని, కత్తెర అడిగింది.

"కత్తెరెందుకే?"

"తీగ కొయ్యాలి అమ్మమ్మా. కంచె మీద."

నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చున్నాను. "కిరీటం ఏది?"

"అదే చెప్తున్నా. ఇంకోటి అల్లాలి. నువ్వు అల్లిపెట్టవే, ప్లీజ్. నీకు గంటలో పని."

"మొదటిది ఏది సవీనా?"

"వియన్నాలో." కిటికీ వైపు తిరిగి చెప్పింది. "ఫోటో పక్కన గోడకి ఒక మేకు. మేకుకి కిరీటం. అవి రెండూ కలిపే ఒక బొమ్మ అమ్మమ్మా. గ్యాలరీ ఆవిడ నా టేబుల్ మీద రెండూ పక్కపక్కన చూసి కుర్చీలో కూర్చుండిపోయింది, తెలుసా? ఫోటో ఒక్కటే అయితే మళ్ళీ 'ఈసారికి కుదరలేదు' అనేవాళ్ళే."

"అయితే ఆ గోడకి వేరేది అల్లి తగిలించు. అది తెచ్చి వాడికి పెట్టు. అక్కడి వాళ్ళకి ఏ ఆకయితే ఏం?"

నా వైపు తిరిగింది. మొహం ఎర్రబడింది. "అక్కడ దొంగది పెట్టమంటావా? కింద రాసి ఉంది, ఆ పెళ్ళిలో పెట్టుకున్న కిరీటమే అని. వేరేది పెడితే నేను మోసగత్తెని. నా పనంతా అబద్ధం అయిపోతుంది."

"మరి గోతిలో దొంగది పెడితే?"

"వాడికి తెలీదుగా అమ్మమ్మా!"

అనేసి తనే ఉలిక్కిపడింది.  పొయ్యి మీద పులుసు పొంగి గిన్నె అంచుకి అంటుకుంటోంది, నేను దించలేదు.

"వెనక్కి అడగచ్చుగా," అన్నాను చివరికి.

"సంతకం పెట్టేశాను. అమ్మేశాను. ఇప్పుడు అడిగితే ఏడాది గది పోతుంది, అంతా పోతుంది. ఇంకెవరూ నన్ను పిలవరు. ఎల్లుండి సాయంత్రం అక్కడ నేను నిలబడి మాట్లాడాలి అమ్మమ్మా. నలభయ్యో రోజు మధ్యాహ్నం బస్సెక్కితేనే అందుకుంటాను." నా మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "ఆకులే కదే. రేపు మట్టిలో కుళ్ళిపోయేవే కదా. పిన్నికి కావలసింది మనశ్శాంతి. అది ఇస్తున్నాను. నేను ఏం లాక్కున్నాను చెప్పు?"

"నేను అల్లను," అన్నాను.

"సరే."

కత్తెర తనే వెతుక్కుంది. తీగ తెచ్చింది, వంటింటి టేబుల్ మీద పరుచుకుంది. చదువుకున్న చేతులు, మంచి చేతులు. ఫోన్లో మొదటి దాని ఫోటో చూసుకుంటూ ఆకు ఆకూ అలాగే పెట్టింది. కాగితం పువ్వుల్ని మైనంలో ముంచింది. ఎర్రదారానికి నా కుట్టుపెట్టెలో దారం తీసుకుంది. అయిపోయాక చూస్తే, దేవుడి మీద ఒట్టు, నేను అల్లిందాని కంటే అందంగా ఉంది.

"నేను వెటూరియాకి చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పు," అంది. ఆపలేదు.

శాలువా కప్పుకుని వెళ్ళాను. వెటూరియా పెరట్లో పెద్ద కుండలు తోముతోంది, నలభయ్యో రోజు భోజనాలకి. కొత్త తువ్వాళ్ళు తాడు మీద ఆరేసింది. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని ఎదురొచ్చింది. చావు తరవాత ఆ మొహంలో రక్తం చూడటం అదే మొదటిసారి.

"వచ్చిందట కదా! బస్సు డ్రైవరు చెప్పాడు. నేను వద్దామనుకున్నా, పాపం అలిసిపోయి ఉంటుందని రాలేదు. అక్కా, నిన్న రాత్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వాడు."

"వెటూరియా, ఆ కిరీటం..."

"చెడిపోయిందా?"

"చెడిపోలేదు. పచ్చగానే ఉంది..."

"పచ్చగానే ఉందా!" ఆవిడ రెండు చేతులూ నా చేతుల మీద వేసింది. తడిచేతులు, సబ్బు నురగతో. "ఇన్నాళ్ళకీ పచ్చగా ఉందంటే మా వాడి మీద దయ ఉన్నట్టే. ఉండు, జున్ను ఇస్తా. కోడలికి ఇష్టమని ఉప్పు తక్కువేసి చేశాను."

జున్ను పట్టుకుని ఇంటికొచ్చాను. సవీనా అడగలేదు. నేనూ చెప్పలేదు. జున్ను అలాగే టేబుల్ మీద ఉండిపోయింది.

నలభయ్యో రోజున ఎండ కాసింది. సమాధి నెత్తిన పెళ్ళి గుర్తుగా పాతిన దేవదారు కొమ్మకి కట్టిన రిబ్బన్లు రంగు వెలిశాయి. పాదిరీ గారు ధూపం ఊపుతూ ప్రార్థనలు చదివారు, పోయినవాడి పేరున వండిన తీపి గోధుమల పళ్ళేన్ని అందరం చేతులు కలిపి పైకెత్తాం. వెటూరియా మరిది పార తీసుకుని మట్టిని మోచేతిలోతు తీశాడు. సవీనా నల్ల గౌను వేసుకుని, తల మీద తెల్ల రుమాలు కట్టుకుని, కిరీటాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకొచ్చింది. కెమెరా తేలేదు. సంచీ మాత్రం సర్దుకుని గేటు దగ్గర పెట్టుకుంది, బస్సు కోసం.

వెటూరియా దాని ఎదురుగా నిలబడింది. మా దగ్గర ఇలాంటప్పుడు తల్లి విడుదల మాట చెప్పాలి. మామూలుగా రెండు ముక్కలు చెప్పి వదిలేస్తారు. వెటూరియా మాత్రం చాలా రోజులు దాచుకున్నట్టుంది.

"సవీనా," అంది. ఇన్నాళ్ళకి పేరుతో పిలిచింది. "నా కొడుకుతో నువ్వు రెండు మాటలైనా మాట్లాడావో లేదో. అయినా వానలో వాడి వెనకాల నడిచావు. ఊళ్ళో వాళ్ళు బొమ్మ కోసం నిలబడిందన్నారు. అననీ. మాటిచ్చావు, తెచ్చావు. ఇవాళ్టితో నిన్ను వదిలేస్తున్నాను. మంచివాణ్ణి చేసుకో, పిల్లల్ని కను. దార్లో నేను ఎదురుపడితే పలకరించక్కర్లేదు. నిన్ను చూస్తే నాకు వాడు గుర్తొస్తాడని నువ్వు భయపడక్కర్లేదు. హాయిగా బతుకు తల్లీ."

వంగి పెట్టెయ్యవే, అనుకున్నాను నేను. దేవుడు చూస్తూనే ఉన్నాడు, అయినా అలాగే అనుకున్నాను. పెట్టేసి ఆ సంచీ తీసుకుని పో.

సవీనా వంగింది. మట్టి దాకా వంగి, ఆగిపోయింది. మళ్ళీ లేచింది. కిరీటం ఇంకా చేతుల్లోనే ఉంది. 

"పిన్నీ, ఇది అది కాదు."

"ఏది?"

"ఇది నేను నిన్న అల్లాను. ఆ రోజు పెట్టుకున్నది ఇది కాదు."

పాదిరీ గారి చేతిలో ధూపం ఆగింది. 

"మరి అదెక్కడుంది?"

"వియన్నాలో."

"అక్కడేం చేస్తోంది?"

"గోడకి ఉంది. జనం చూస్తారు."

"మా వాడి బొమ్మ పక్కనా?"

"అవును."

"తిరిగొస్తుందా?"

సవీనా తల అడ్డంగా ఊపింది. "కొనుక్కున్నారు పిన్నీ."

వెనకనుంచి పరస్కీవా అంది, గట్టిగా ఏమీ కాదు, అయినా అందరికీ వినబడింది. "వాళ్ళు కొనుక్కున్నది కిరీటాన్నా, పిల్లనా?"

 వెటూరియా చాలాసేపు ఆ గోతిలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను, అలా చేసినా నేను అడ్డం వెళ్ళేదాన్ని కాదు. ఆవిడ సవీనా చేతిలోంచి ఆ కొత్త కిరీటం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా అల్లావు," అని కంచె మీద పెట్టింది. మరిదితో, "మట్టి కప్పెయ్ అబ్బాయ్," అంది.

పాదిరీ గారు ముందుకొచ్చారు. "వెటూరియమ్మా, ఇది మన గ్రంథాల్లో ఎక్కడా లేదు. పిల్లకి ఏ బంధమూ లేదు. నేను చెప్తున్నాను."

"మీ గ్రంథంలో ఉన్నది మీరు చదవండి అయ్యగారూ. మాది మాకు తెలుసు." సవీనా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. "నేను ఇప్పుడే అన్న మాట చెల్లదు. నేను విప్పాలన్నా నా చేతిలో ఏమీ లేదు. బస్సుకి టైమైతే వెళ్ళు. నిన్నెవరూ పట్టుకోరు. వాడు అక్కడ నిలబడే ఉంటాడు, అంతే. ఉంటే మాత్రం ఇంటి మనిషిలా ఉండు, ఇవాళ భోజనాలున్నాయి."

చెప్పి ఇంటివైపు నడిచింది. జనం ఆవిడ వెనకాల నడిచారు. నేనూ సవీనా మిగిలాం. నేను దాని భుజం పట్టుకున్నాను.

"పోవే," అన్నాను. "బస్సెక్కు. ఇది ముసలివాళ్ళ పిచ్చి. నేను చూసుకుంటాను."

"ఎందుకు చెప్పాను అమ్మమ్మా?" అంది. నన్ను అడగలేదు, ఊరికే అంది. "పెట్టేస్తే అయిపోయేది. ఇంకొక్క జానెడు."

"పో సవీనా."

గేటు దాకా వెళ్ళింది. సంచీ దగ్గర నిలబడింది. కొండ దిగువన మలుపులో బస్సు హారను వినబడింది, మామూలుగా రెండుసార్లు కొడతాడు డ్రైవరు. అది ఆ సంచీని చూసింది, నన్ను చూసింది. తరవాత సంచీ ఎత్తి నా చేతికిచ్చి, వెటూరియా ఇంటి దారి పట్టింది.

నేను ఆ సంచీ మోసుకుంటూ వెనకాల వెళ్ళేసరికి పెరట్లో పొడుగు బల్లలు వేశారు. గుమ్మం దగ్గర పెద్ద కుండ ఆవిర్లు కక్కుతోంది. వెటూరియా సవీనాకి తన ఆప్రాన్ కట్టి, గరిటె చేతికిచ్చింది. పోయినవాడి పేరున పెట్టే భోజనం కోడలు వడ్డించాలి, ఉంటే. వచ్చినవాళ్ళు వరసలో నిలబడి పళ్ళెం చాపుతారు. కోడలు పులుసు పోసి, గుండ్రని రొట్టె మీద వెలిగించిన కొవ్వొత్తి పెట్టి ఇస్తుంది. పుచ్చుకున్నవాళ్ళు "దేవుడు వాణ్ణి క్షమించుగాక" అనాలి.

మొదట ఎవరూ కదల్లేదు. పరస్కీవాయే ముందు వెళ్ళింది. పళ్ళెం చాపింది. సవీనా పోసింది, కాస్త బయట ఒలికింది. పరస్కీవా ఆ ఒలికింది చూసి కూడా ఏమీ అనలేదు. "దేవుడు వాణ్ణి క్షమించుగాక, కోడలా," అని తప్పుకుంది. ఆ తరవాత అందరూ.

నాకు ఎక్కడ నిలబడాలో తెలీలేదు. కుండ పక్కన, మనవరాలి పక్కన నిలబడదామా అంటే ఆ చోటు వెటూరియాది. చివరికి వెళ్ళి వరసలో నిలబడ్డాను, కాళ్ళ దగ్గర దాని సంచీ పెట్టుకుని. వరస ముందుకు జరిగినప్పుడల్లా సంచీని కాలితో తోసుకుంటూ. నా వంతు వచ్చింది. పళ్ళెం చాపాను.

సవీనా నా మొహం చూడలేదు. పులుసు పోసింది, మాంసం ముక్క ఒకటి పెద్దది చూసి వేసింది. రొట్టె మీద కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి నాకు అందించింది.

"దేవుడు వాణ్ణి క్షమించుగాక," అన్నాను.

వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు, పక్కకి జరిగాను.